కంది విత్తనము: దిగుబడిని, మాంసకృత్తులను వృద్ధిచేయు విధము

తెలుగుదేశపు మెట్టపొలములయందు జొన్నసాళ్ళ నడుమను, ప్రత్తిసాళ్ళ నడుమను, కొన్నియెడల ప్రత్యేకమైన పైరుగను కంది పండింపబడుచున్నది. మృగశిర, ఆరుద్ర కార్తెలలో విత్తిన కంది సంక్రాంతి ప్రాంతమున గాని, రకమునుబట్టి ఆ పిమ్మట గాని కోతకు వచ్చును. దీని వేరు లోతుగ దిగును గనుక ఇతర పైరులు వాడినప్పుడును ఇది అడుగుతేమను పీల్చుకొని నిలుచును. వేళ్ళపై నుండు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకిచ్చును. రాలిన ఆకు నేలకు ఎరువగును. ఎండిన కట్టె పొయ్యిలోనికి వచ్చును. తాండూరు ప్రాంతపు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించుటయు ఈ పంటకు ఈ దేశమున గల పేరును తెలుపుచున్నది.

ఇంతటి మేలుచేయు పైరు అయినను, దాని విత్తనము విషయమై రైతులు తరచుగ మోసపోవుచున్నారు. మంచిరకపు విత్తనము తెచ్చి విత్తిన రైతు మొదటి యేట సంతోషించును. మూడవ యేట, నాల్గవ యేట చూడగా చేనిలో కొన్ని మొక్కలు పొట్టివిగను, కొన్ని పొడుగువిగను ఉండును. కొన్ని ముందుగ పూయును, కొన్ని ఆలస్యముగ పూయును. కొన్ని కాయపట్టు సమయమున నిలువున ఎండిపోవును. భూమి చెడినదని కొందరును, కాలము చెడినదని కొందరును తలచెదరు. పెక్కుసారులు చెడినది విత్తనమే. అది ఎట్లు చెడును, మంచి విత్తనము ఎట్లు తయారగును, దానిని రైతు ఎట్లు కాపాడుకొనవలెను అను సంగతులు ఈ క్రింద వివరింపబడుచున్నవి.

1. కందియందలి సారము

దేహమునకు కండను పట్టించు పదార్థములకు మాంసకృత్తులని పేరు. బియ్యములో ఇవి నూటికి 7 లేక 8 పాళ్ళును, జొన్నలో సుమారు 10 పాళ్ళును ఉండగా, కందిలో 20 మొదలు 22 పాళ్ళవరకు గలవు. మాంసకృత్తులన్నియు ఒకే విధమైనవి కావు. లైసీను అను అంశము ధాన్యములలో కొరవడియుండును, కందిలో సమృద్ధిగ నుండును. గంధకముతో కూడిన మెథియొనీను అను అంశము కందిలో కొరవడియుండును, ధాన్యములలో అంతకంటె మేలుగ నుండును. కావున జొన్నరొట్టెతోగాని, అన్నముతోగాని పప్పు కలిపి తిను అలవాటు మిక్కిలి మంచిది. ఒకదాని లోపమును మరియొకటి తీర్చును. పాలు, మాంసము కొనజాలని ఇంటి పిల్లలకు ఈ పప్పే ఆధారము. కావున కందిలో మాంసకృత్తులు రెండుమూడు పాళ్ళు పెరిగినను అది చిన్న సంగతి కాదు.

2. బఠాణీ మొక్క నేర్పిన పాఠము

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా యని లోకమునందు సామెత గలదు. జాతి విషయమున ఇది నిజమే. కందిగింజకు ఆముదపుచెట్టు మొలవదు. కాని ఒకే జాతియందలి రకముల విషయమున ఈ సామెత పూర్తిగ చెల్లదు. దీని మర్మమును మొట్టమొదట తెలిసికొన్నది బఠాణీ మొక్కలవలన.

గ్రెగరు మెండెలు అను క్రైస్తవ సన్యాసి, అప్పటి ఆస్ట్రియా రాజ్యములోని బ్రున్ నగరమున (నేటి చెక్ దేశములోని బ్ర్నో) తన మఠపు తోటలో 1856 మొదలు 1863 వరకు బఠాణీలను పెంచి పరిశీలించెను. గుండ్రని గింజల రకమును, ముడుతలుపడిన గింజల రకమును సంకరము చేయగా, మొదటి తరమున గింజలన్నియు గుండ్రనివే అయినవి. ముడుత గుణము నశించినట్లే కనబడెను. ఆ గింజలను మరల విత్తి, వచ్చిన 7,324 గింజలను లెక్కింపగా, 5,474 గుండ్రనివి, 1,850 ముడుతవి. అనగా మూడుపాళ్ళకు ఒకపాలు. కాబట్టి ముడుత గుణము నశింపలేదు, లోపల దాగియుండెను. ఆయన ఈ సంగతిని 1866లో ప్రకటించెను గాని, 1900వ సంవత్సరమువరకు లోకము దానిని గుర్తింపలేదు.

రైతు దీనినుండి గ్రహింపవలసినది రెండు సంగతులు. మొదటిది, తల్లిదండ్రుల గుణములు కలిసి కరగిపోవు. విడివిడిగ నిలిచి, తరువాతి తరములలో క్రొత్త కూర్పులతో బయటపడును. కావున ఒక మొక్కనుండి అధిక దిగుబడిని, మరియొక మొక్కనుండి తెగులును తట్టుకొను శక్తిని తెచ్చి ఒకచోట చేర్చుటకు వీలున్నది. రెండవది, కంటికి మంచిదిగ కనబడు గింజలో చెడ్డ గుణము దాగియుండవచ్చును.

3. కందిపూవు స్వభావము

బఠాణీపూవు తన పుప్పొడితో తానే ఫలించును గనుక దాని రకములు చెడక నిలుచును. కంది అదే కుటుంబమునకు చెందినదైనను దాని నడత వేరు. కందిపూవునందును పది కేసరములు మొగ్గ విప్పకముందే పుప్పొడిని విడుచును గనుక, పెక్కు గింజలు స్వంత పుప్పొడివలననే కలుగును. కాని మొగ్గ విప్పినపిమ్మట తేనెటీగలు, ఇతర ఈగలు పూవునుండి పూవునకు తిరిగి పరాయి పుప్పొడిని తెచ్చును. స్థలమునుబట్టియు, ఈగల సంఖ్యనుబట్టియు ఇది మారుచుండినను, సగటున గింజలలో నూటికి 20 వరకు పరసంకరమువలన కలిగినవని తేలియున్నది.

ప్రక్కచేనిలో వేరురకపు కంది యున్నచో, మంచిరకపు చేనిలోని గింజలలో కొంతభాగము ఆ యేటనే సంకరమైపోవును. ఆ గింజలు చూపులకు భిన్నముగ నుండవు. వానిని విత్తిన యేట సంకరపు మొక్కలు వచ్చును. వాని పుప్పొడివలన మరికొన్ని చెడును. ఈ విధముగ మూడు నాలుగు సంవత్సరములలో రకము రూపుమాసిపోవును. ఇందు రైతు దోషముగాని, భూమి దోషముగాని లేదు. కాని తెలిసిన పిమ్మట ఉపేక్షించినచో అది దోషమగును.

4. క్రొత్తరకమును తయారుచేయు విధము

పరిశోధన క్షేత్రమున పనివారు మరునాడు విప్పబోవు మొగ్గను ఎంచుకొని, సన్నని పట్టుకారుతో దాని రేకులను తొలగదీసి, కేసరములు చిట్లకముందే పదింటిని తీసివేయుదురు. పిదప కావలసిన రెండవ రకపు పూవునందలి పుప్పొడిని దాని కీలాగ్రముపై రాచి, గుర్తుకు దారము కట్టుదురు. కందిలో సహజముగనే పూవులలో పెక్కుభాగము కాయ కట్టకయే రాలిపోవును. కాబట్టి వందల మొగ్గలపై పనిచేసినగాని కొద్ది కాయలు దక్కవు.

ఆ గింజలను మరుసటి యేట విత్తి, వచ్చిన మొక్కలను ఈగలు సోకకుండ గుడ్డ సంచులతోగాని వలలతోగాని కప్పి గింజలు తీయుదురు. రెండవ తరమున గుణములు విడిపోయి వేలమొక్కలు నానావిధములుగ వచ్చును. అందు మంచివానిని ఏరి, ఒక్కొక్కదాని గింజలను ఒక్కొక్క సాలుగ విత్తి, మరల ఏరి, గుణములు స్థిరపడువరకు ఆరేడు తరములు సాగింతురు. పిమ్మట నానాప్రదేశములలో పాతరకములతో పోల్చి చూతురు. సాధారణమైన కంది యేటికొక్క పంటయే గనుక, సంకరము చేసిన నాటినుండి రకము రైతుచేతికి వచ్చునప్పటికి పది పండ్రెండు సంవత్సరములు పట్టుట కలదు. ఒక సంచి మంచి విత్తనము వెనుక ఇంతటి పరిశ్రమ యున్నది.

5. దిగుబడికి మొదటి శత్రువు

కందిలో దిగుబడి పెంచుటయనగా మొదట పోవుచున్న దిగుబడిని నిలుపుటయే. ఎండు తెగులు మట్టిలో నుండు బూజువలన కలుగును. ఆ బూజు వేరుగుండ ప్రవేశించి, కాండములోని నీటిమార్గములను పూడ్చివేయును. బీహారులోని పూసా పరిశోధనాలయమున బట్లరు అను శాస్త్రజ్ఞుడు దీనిని పరిశోధించి, 1910లో ఆ బూజునకు శాస్త్రీయ నామమిచ్చెను. తెగులుసోకిన మోళ్ళలో ఇది సుమారు మూడేండ్లు బ్రదికియుండగలదు. రెండవది వెర్రితెగులు. కంటికానని నల్లిద్వారా వ్యాపించు ఈ తెగులు సోకిన మొక్క లేతయాకులతో గుబురుగ పెరుగును గాని పూయదు. పచ్చగనున్నదని రైతు సంతసించును. కోతనాటికి కాయయే యుండదు.

ఈ తెగుళ్ళకు విత్తనములోనే మందు వెదకవలసి యున్నది. శాస్త్రజ్ఞులు ఎండు తెగులు బూజును కావలెనని పెంచిన మడిలో వేలరకములను విత్తి, అందు చావక నిలిచినవానిని ఏరిరి. 1972లో పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థలో 13 వేలకు మించిన కంది నమూనాలు భద్రపరుపబడియున్నవి. మహారాష్ట్రపు నాటురకమునుండి ఏరిన మారుతి అను రకము 1986లో కర్ణాటకమున విడుదలయై, ఎండు తెగులుతో దిబ్బలైన పొలములలో మరల కంది పండునట్లు చేసెను. 1993లో విడుదలయైన ఆశ అను రకము ఎండు తెగులును, వెర్రితెగులును రెండింటిని తట్టుకొనును.

6. దిగుబడియు, మాంసకృత్తులును ఏల కలిసిరావు

ఒకప్పుడు మాంసకృత్తుల పాలు ఎక్కువగనున్న మొక్కలను ఏరగా దిగుబడి తగ్గుటయు, దిగుబడి యెక్కువగనున్న మొక్కలను ఏరగా మాంసకృత్తులు తగ్గుటయు కనబడుచుండును. దీనికి కారణము గలదు. ఆకు ఎండలో తయారుచేయు చక్కెరయే గింజలోని సమస్తమునకు మూలధనము. ఆ చక్కెరతో మొక్క ఎంత పిండిని చేయగలదో, మాంసకృత్తులను అందులో సుమారు సగము బరువు మాత్రమే చేయగలదు. పైగా మాంసకృత్తులకు నత్రజని కావలెను. అది చాలనిచో ఆకులలోని నత్రజనిని లాగుకొని ఆకు ముందుగ పండిపోవును.

పాలు పెరిగినంతమాత్రమున సారము పెరిగినదనుకొనరాదు. బఠాణీలలో ముడుతగింజ ఇందుకు నిదర్శనము. ఆ ముడుతకు కారణము పిండిని తయారుచేయు ఒక సాధనము చెడియుండుటయే యని 1990లో తేలినది. పిండి తక్కువైనప్పుడు మిగిలిన పదార్థముల పాళ్ళు ఎక్కువగ కనబడును. కందిలోను వానలు తప్పి గింజ నిండక తాలుబారినప్పుడు, నూటికి లెక్కించిన మాంసకృత్తులు హెచ్చుగ కనబడవచ్చును. అది లాభము కాదు, నష్టమునకు గుర్తు.

సరియైన కొలత ఎకరమునకు ఎన్ని కిలోల మాంసకృత్తులు వచ్చినవను లెక్కయే. ఉదాహరణమునకు మూడు రకములను తీసికొందము:

మొదటిరకము: ఎకరమునకు 400 కిలోలు, నూటికి 24 పాళ్ళు. మాంసకృత్తులు 96 కిలోలు.
రెండవరకము: ఎకరమునకు 500 కిలోలు, నూటికి 21 పాళ్ళు. మాంసకృత్తులు 105 కిలోలు.
మూడవరకము: ఎకరమునకు 500 కిలోలు, నూటికి 24 పాళ్ళు. మాంసకృత్తులు 120 కిలోలు.

మొదటిరకము సారవంతమైనదని పేరుపడినను, రెండవదానికంటె తక్కువ మాంసకృత్తులనే యిచ్చినది. అంతియకాక రైతు 100 కిలోల గింజ నష్టపోయినాడు. బజారులో కంది బరువునుబట్టి అమ్ముడుపోవును గాని, మాంసకృత్తులకు వేరు వెల కట్టువారు లేరు. కావున దిగుబడి తగ్గించు సారమును ఏ రైతును ఆదరింపడు, ఆదరింపవలెనని కోరుటయు న్యాయము కాదు. మూడవరకమువంటిదానిని సాధించుటయే శాస్త్రజ్ఞుల పని.

ఇది అసాధ్యము కాదు. పొలముగట్లయందును, అడవులయందును కందికి దగ్గరి చుట్టములైన అడవిజాతులు గలవు. వాని గింజలు చిన్నవి, నల్లనివి, తినుటకు పనికిరానివి; కాని వానిలో మాంసకృత్తులు సాగుకందికంటె హెచ్చు. ఇట్టి అడవిజాతులతో సాగుకందిని సంకరము చేసి, పెక్కు తరములు ఏరి, నూటికి 26 పాళ్ళకు మించిన మాంసకృత్తులు గలిగి, దిగుబడిలో వాడుకరకముతో సమానమైన వరుసలను పటాన్‌చెరువున తయారుచేసిరి. రెండు గుణములును కలిసిరావచ్చునని దీనివలన రుజువైనది. 2011లో ఆశ రకపు జన్యుపటము చాలవరకు చదువబడినందున, కోరిన గుణము ఏ మొక్కలో గలదో లేతదశలోనే గుర్తించుటకు మార్గము ఏర్పడినది.

7. సంకర విత్తనము కొనువారికి హెచ్చరిక

దూరపు రకముల సంకరమున మొదటి తరపు మొక్కలు తల్లిదండ్రులను మించి బలముగ పెరుగును. విత్తనమును చెరుపు ఆ ఈగలే ఇచ్చట సాయపడును. పుప్పొడిలేని ఆడసాళ్ళ ప్రక్కన మగసాళ్ళను నాటినచో ఈగలే సంకరము చేసి పెట్టును. 1991లో విడుదలయైన మొదటి సంకర కందిలో, ఆడసాళ్ళలోని సగము మొక్కలను పూతకాలమున గుర్తించి పెరికివేయవలసి వచ్చినందున, విత్తనము వెల పెరిగి అది నిలువలేదు. తరువాత అడవిజాతి సహాయమున ఆ చిక్కు తీరి, 2010లో మరియొక సంకర కంది మధ్యప్రదేశమున విడుదలయైనది.

సంకర విత్తనముతో పండిన గింజలను మరుసటి యేట విత్తనముగ వాడరాదు. మెండెలు బఠాణీలలో జరిగినట్లే గుణములు విడిపోయి పైరు నానారూపములగును. ఏటేట క్రొత్త విత్తనము కొనజాలనివారు స్థిరమైన రకములనే విత్తుకొనుట మేలు.

8. రైతు చేయవలసిన పనులు

మాంసకృత్తుల పాలును కంటితో చూచి తెలిసికొనజాలరు. గింజలోని నత్రజనిని రసాయనశాలలో కొలిచి దానినుండి లెక్కింతురు. ఈ పద్ధతిని డెన్మార్కు దేశస్థుడైన జెల్డాలు 1883లో కనిపెట్టెను. కావున సారవంతమైన రకము చేనిలో సంకరమై చెడినచో, ఆ నష్టము రైతుకు కనబడదు; ఇంటిలో తిను పిల్లలకు మాత్రము కలుగును. శాస్త్రజ్ఞులు సంపాదించిన గుణమును నిలుపుట రైతు చేతిలోనే యున్నది. అందుకు ఈ క్రింది పద్ధతులను పాటింపవలెను.

(1) విత్తనమునకై ఉంచు చేను వేరురకపు కందికి దూరముగ నుండవలెను. ధ్రువీకరణము పొందు విత్తనమునకు కనీసము 100 మీటర్ల దూరము ఉండవలెనని నియమము. అంత దూరము దొరకని గ్రామములలో ఇరుగుపొరుగు రైతులు కూడబలుకుకొని ఒకే రకము విత్తుకొన్నచో ఈగలవలన భయము లేదు.

(2) పూత ప్రారంభము కాకముందు ఒకమారు, పూత మొదలైనవెంటనే మరియొకమారు చేనంతయు తిరిగి, ఎత్తునందును, కొమ్మల తీరునందును, పూవు రంగునందును వేరుగనున్న మొక్కలను పెరికివేయవలెను. పూత ముగిసినపిమ్మట పెరికిన ప్రయోజనము లేదు. అప్పటికే పుప్పొడి చేనంతయు వ్యాపించియుండును.

(3) ఎండు తెగులు, వెర్రితెగులు సోకిన మొక్కలను వేళ్ళతో పెరికి కాల్చివేయవలెను. తెగులు పుట్టిన పొలమున మూడేండ్లు కంది విత్తరాదు. జొన్నతో కలిపి విత్తుటవలనను, జొన్నతో పంట మార్చుటవలనను ఎండు తెగులు తగ్గును.

(4) విత్తనమును కళ్ళములోని రాశినుండి ఎత్తుకొనరాదు. రాశిలో మంచిమొక్క గింజయు, చెడుమొక్క గింజయు ఒక్కటిగనే కనబడును. మొక్క నిలిచియుండగనే ఎంచుకొనవలెను. ఆరోగ్యముగ నుండి, కొమ్మలనిండ కాయలు గలిగి, ఒకేమారు పక్వమగు మొక్కలకు గుడ్డపీలిక కట్టి గుర్తుపెట్టవలెను. గట్టుప్రక్క మొక్కలు వెలుతురును, చోటును ఎక్కువగ పొందినందున బలిసియుండును. అది విత్తనపు గుణము కాదు. కావున నడిచేనిలోని మొక్కలనే ఎంచవలెను.

(5) ఒకటి రెండు మొక్కలు చాలవు. కనీసము 100 మొక్కలైనను ఉండవలెను. అంతరపంటగ విత్తుటకు ఎకరమునకు 2 మొదలు 3 కిలోల విత్తనము చాలును గనుక, ఈ మొక్కల గింజ సాధారణముగ ఎకరమునకు సరిపోవును.

(6) ఈ మొక్కలను వేరుగ కోసి, వేరుగ కొట్టి, తాలును, పుచ్చును ఏరివేసి, పంటితో కొరికిన టక్కున విరుగునంతవరకు ఎండబెట్టవలెను. పుచ్చుపురుగు చేనిలోనే కాయపై గ్రుడ్లు పెట్టును గనుక కోత ఆలస్యము చేయరాదు. గాలిచొరని పాత్రలో, జల్లించిన పొడిబూడిద కలిపి భద్రపరుపవలెను.

(7) విత్తుటకు పదిదినములముందు 100 గింజలను తడిగోనెలో చుట్టి మొలకలు లెక్కింపవలెను. 75కు తక్కువ మొలచినచో ఆ విత్తనము పనికిరాదు.

పైపనులకు ఖర్చు స్వల్పము. కావలసినది పూతకాలమున రెండుదినముల శ్రద్ధ, కోతకాలమున ఒకదినపు ఓపిక. పది పండ్రెండు సంవత్సరముల పరిశ్రమవలన తయారైన రకము, ఈ శ్రద్ధ లేనిచో మూడేండ్లలో రైతు చేనిలోనే అంతరించును. ఈ శ్రద్ధ గలిగినచో, అదే విత్తనము గాదెలో గింజయు, విస్తరిలో పప్పును చిరకాలము సమృద్ధిగ నిలుపును. కావున రైతులు వచ్చు పూతకాలముననే తమ చేలలో ఈ పద్ధతిని ప్రారంభింపవలయును.